తీగ, పుస్తకం, అంగీకార బటన్: గేమ్ కన్సోల్ షరతులు ఎంతవరకు చెల్లుతాయి?

2005 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ సంస్థ తన మొదటి ఎక్స్‌బాక్స్ గేమ్ కన్సోల్‌తో ఇచ్చిన పవర్ కార్డులను, అంటే గోడ సాకెట్ నుంచి యంత్రానికి కరెంటు తెచ్చే తీగలను, ఉచితంగా మార్చి ఇస్తామని ప్రకటించింది. మార్చవలసిన తీగల సంఖ్య కోటీ 41 లక్షలు. ఐరోపా ప్రధాన భూభాగాన్ని మినహాయిస్తే, 2003 అక్టోబరు 23కు ముందు తయారైన ప్రతి కన్సోలూ ఆ లెక్కలోకి వచ్చింది. అప్పటికి సంస్థ దృష్టికి వచ్చిన ఫిర్యాదులు 30. వాటిలో ఏడు చేతికి స్వల్పంగా కాలిన గాయాల గురించి; మిగిలిన 23 పొగ వల్ల కలిగిన నష్టం గురించి, తివాచీకో టీవీ బల్లకో జరిగిన చిన్నపాటి నష్టం గురించి. పదివేల కన్సోళ్లలో ఒకదానికన్నా తక్కువకే ఈ ఇబ్బంది ఎదురైందని సంస్థ వివరించింది. కొత్త తీగ అందేవరకు, ఆడనప్పుడు కన్సోల్‌ను పూర్తిగా ఆపి ఉంచమని కొనుగోలుదారులకు సూచించింది. అదే ఏడాది సోనీ కూడా తన సన్నని ప్లేస్టేషన్ 2కు ఇచ్చిన అడాప్టర్లను లక్షల సంఖ్యలో వెనక్కు పిలవవలసి వచ్చింది.

ఇలాంటి ఘటనలో చేయి కాలిన మనిషి నష్టపరిహారం అడిగితే, కన్సోల్‌ను తొలిసారి ఆన్ చేసినప్పుడు అతను తెరమీద నొక్కిన ‘అంగీకరిస్తున్నాను’ అనే బటన్ అతనికి అడ్డు వస్తుందా? ఆ షరతులు సాఫ్ట్‌వేర్‌కు సంబంధించినవి, కాలింది తీగ వల్ల. అయినా కన్సోల్ తయారీదారుల లైసెన్సు పత్రాలలో, అంటే సాఫ్ట్‌వేర్ వాడుకోవడానికి అనుమతిచ్చే ఆ షరతుల పత్రాలలో, వివాదాల పరిష్కారం గురించిన నిబంధనలు సాఫ్ట్‌వేర్‌తోనే ఆగకుండా యంత్రాన్ని, సేవలను, కొన్నిసార్లు రెండు పక్షాల మధ్య తలెత్తే ప్రతి వివాదాన్నీ తమ పరిధిలోకి తెచ్చుకొనేంత విశాలంగా రాసి ఉంటాయి. అందువల్ల ఈ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు లేదు. షరతు ఎక్కడ అచ్చయింది, కొనుగోలుదారు ముందుకు ఎలా వచ్చింది, జరిగిన నష్టం ఎలాంటిది అనే మూడు విషయాలను విడివిడిగా చూడాలి.

తీగ, పుస్తకం, బటన్ అనే మూడింటిలో తీగ సంగతి తేలికైనది, ఎందుకంటే అక్కడ అంగీకారానికి తావు లేదు. కన్సోళ్లకు వచ్చే తీగలు ఎక్కువగా అంతర్జాతీయ ప్రమాణాలలో సీ7 అని పిలిచే రెండు పిన్నుల రకానికో, సీ13 అనే మూడు పిన్నుల రకానికో చెందుతాయి. మొదటిది 2.5 ఆంపియర్ల వరకు, రెండవది 10 ఆంపియర్ల వరకు మోయడానికి ఉద్దేశించినవి. భారతదేశంలో వీడియో గేమ్ యంత్రాలు 2012 నాటి నిర్బంధ నమోదు ఉత్తర్వు మొదటి జాబితాలోనే ఉన్నాయి. భారతీయ ప్రమాణాల సంస్థ వద్ద నమోదు కాకుండా వాటిని ఇక్కడ అమ్మకూడదు. తయారీదారు ఎంత పెద్ద అక్షరాలతో రాసుకున్నా, కొనుగోలుదారు ఎంత ఇష్టంగా సంతకం పెట్టినా, ఈ భద్రతా నియమాల నుంచి మినహాయింపు దొరకదు. అమెరికా నుంచి వచ్చే బంధువులు కానుకగా తెచ్చే కన్సోళ్లు మాత్రం ఈ రక్షణకు బయట ఉంటాయి. అక్కడి ఎక్స్‌బాక్స్ 360కి ఇచ్చిన అడాప్టర్ 100 నుంచి 127 వోల్టుల వరకే పనిచేస్తుంది. హైదరాబాదులోనో విజయవాడలోనో దాన్ని 230 వోల్టుల సాకెట్‌కు నేరుగా తగిలిస్తే చెడిపోవచ్చు. ఇది తయారీ లోపం కాదు. ఆ విషయం అడాప్టర్ మీద చిన్న అక్షరాలతో ముద్రించే ఉంటుంది, వివరంగా చెప్పవలసింది మాన్యువల్.

మాన్యువల్ అనే కాగితపు పుస్తకం ఒకప్పుడు రెండు పనులు చేసేది. యంత్రాన్ని ఎలా వాడాలో నేర్పడం మొదటిది. ఎలా వాడితే ప్రమాదమో హెచ్చరించడం రెండవది: తీగను తివాచీ కింద నొక్కి ఉంచరాదని, గాలి ఆడని అరలో యంత్రాన్ని పెట్టరాదని, వెలుగు జిలుగుల వల్ల కొందరికి మూర్ఛ రావచ్చని. హెచ్చరించడం తయారీదారు దయ కాదు, చట్టం అతని మీద పెట్టిన బాధ్యత. భారత వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 84వ సెక్షన్ ప్రకారం, హానిని నివారించేలా సరైన వాడకపు సూచనలు గానీ, తప్పు వాడకం గురించిన హెచ్చరికలు గానీ తగినంతగా ఇవ్వని తయారీదారు ఆ హానికి బాధ్యుడవుతాడు. అంటే మాన్యువల్ ప్రధానంగా తయారీదారును కట్టిపడేసే పత్రం. ఏమి చెప్పాడో, ఏమి చెప్పలేదో, కొన్న రోజున పెట్టెలో ఉన్న ప్రతిలో శాశ్వతంగా నిలిచిపోతుంది.

ఆ కాగితం క్రమంగా పలచబడింది. ఆటల డిస్కుల పెట్టెలలోని పుస్తకాలను ఆపివేసి, సూచనలను ఆటలోనే ఇస్తామని 2010లో ఆటల ప్రచురణ సంస్థ యుబీసాఫ్ట్ ప్రకటించింది. పర్యావరణం కోసం కాగితం ఆదా చేయడమే అందుకు చెప్పిన కారణం. తరువాత మిగిలిన ప్రచురణకర్తలూ అదే దారి పట్టారు. కన్సోళ్లతో వచ్చే పుస్తకం కూడా కొన్ని మడతల కరపత్రంగా మారి, మిగతా సమాచారం వెబ్‌సైట్‌కు తరలిపోయింది. 2015లో అమెరికా కాంగ్రెస్ ఈ-వారంటీ చట్టం చేసి, కొన్ని నిబంధనలకు లోబడి వారంటీ షరతులను కాగితంపై ఇవ్వకుండా వెబ్‌సైట్‌లో ఉంచడానికి తయారీదారులను అనుమతించింది. కాగితం ఆదా అయిన మాట నిజమే, దాన్ని కాదనవలసిన పని లేదు. కానీ సాక్ష్యం దృష్టితో చూస్తే ఈ మార్పు చిన్నది కాదు. వెబ్‌సైట్‌లోని పాఠాన్ని ఎప్పుడైనా సవరించవచ్చు. కొన్న రోజున అక్కడ ఏ హెచ్చరిక ఉందో మూడేళ్ల తరువాత నిరూపించవలసిన భారం, అది చేతిలో లేని కొనుగోలుదారు మీద పడుతుంది.

లైసెన్సు షరతుల చరిత్ర ఇందుకు సరిగ్గా ఎదురు దిశలో నడిచింది. మొదట్లో అవి కాగితం మీదే ఉండేవి, కాగితం మీద ఉన్నంతకాలం వాటి చెల్లుబాటు అనుమానాస్పదంగానే ఉండేది. 1991లో అమెరికా మూడవ సర్క్యూట్ అప్పీలు కోర్టు (ఆ దేశంలో ప్రాంతాలవారీ ఫెడరల్ అప్పీలు కోర్టులను సర్క్యూట్లు అంటారు) స్టెప్-సేవర్ కేసులో, ఫోను మీద బేరం కుదిరాక సాఫ్ట్‌వేర్ పెట్టె మీద అచ్చువేసి పంపిన షరతులు ఒప్పందంలో భాగం కావని తేల్చింది. అయిదేళ్లకు, 1996లో, ఏడవ సర్క్యూట్‌లో న్యాయమూర్తి ఫ్రాంక్ ఈస్టర్‌బ్రూక్ రాసిన ప్రోసీడీ తీర్పు గాలి మళ్లించింది. ప్రోసీడీ అనే సంస్థ మూడు వేలకు పైగా టెలిఫోను డైరెక్టరీలలోని సమాచారాన్ని కోటి డాలర్లకు మించిన ఖర్చుతో సీడీలలోకి ఎక్కించి, వ్యాపారానికి వాడరాదన్న షరతుతో సామాన్య వినియోగదారులకు చవకగా అమ్మింది. ఒక కొనుగోలుదారు ఆ సమాచారాన్ని ఇంటర్నెట్‌లో తక్కువ ధరకు అమ్మకానికి పెట్టాడు. లోపలి షరతులను చదివి, నచ్చకపోతే తిరిగి ఇచ్చే అవకాశం ఉండి కూడా సరుకు ఉంచుకున్నవాడు ఆ షరతులకు ఒప్పుకున్నట్టేనని కోర్టు తీర్పు చెప్పింది.

ఈ తీర్పును తరచుగా ‘పెట్టె చించితే ఒప్పుకున్నట్టే’ అనే సూత్రంగా చెబుతుంటారు. అది తొందరపాటు చదువు. ప్రోసీడీ షరతులు మూడు చోట్ల ఉన్నాయి: లోపల లైసెన్సు ఉందని పెట్టె మీద రాశారు, మాన్యువల్‌లో పూర్తి పాఠం అచ్చువేశారు, సాఫ్ట్‌వేర్ నడిపిన ప్రతిసారీ తెర మీద కూడా చూపించి ఒప్పుకోనిదే ముందుకు పోనివ్వలేదు. మాన్యువల్‌లో మాత్రమే ఉండి ఉంటే ఫలితం ఇలాగే ఉండేదా అన్నది ఆ తీర్పు తేల్చిన విషయం కాదు. ఆ మరుసటి ఏడు గేట్‌వే కంప్యూటర్ల కేసులో అదే న్యాయమూర్తి మరో అడుగు వేసి, పెట్టెలోని కాగితం మీద ఉన్న మధ్యవర్తిత్వ నిబంధనను, అంటే వివాదాన్ని కోర్టులో కాక మధ్యవర్తి ముందు తేల్చుకోవాలన్న షరతును, 30 రోజులలో యంత్రాన్ని వాపసు చేయనందున కొనుగోలుదారుకు వర్తింపజేశారు. అదే కంపెనీ అవే తరహా షరతులను 2000లో కాన్సస్ ఫెడరల్ కోర్టు ఒప్పుకోలేదు. దేశం ఒకటే, కంపెనీ ఒకటే, ఫలితాలు రెండు. ఇక 2002 నాటి నెట్‌స్కేప్ కేసులో రెండవ సర్క్యూట్, తెరను కిందికి జరిపితే తప్ప కనిపించని షరతులు డౌన్‌లోడ్ బటన్ నొక్కినంత మాత్రాన వర్తించవని తేల్చింది. ఆ తీర్పు రాసిన సోనియా సొటొమేయర్ తరువాత సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయ్యారు.

కాగితపు పుస్తకమూ కట్టడి షరతూ నేరుగా ఢీకొన్న సందర్భం 2017 జనవరిలో తొమ్మిదవ సర్క్యూట్ తేల్చిన శామ్‌సంగ్ కేసు. యంత్రం కన్సోల్ కాదు, గెలాక్సీ ఎస్4 ఫోను. కానీ పెట్టె నిర్మాణం అదే. లోపల 101 పేజీల భద్రత, వారంటీ పుస్తకం ఉంది. వివాదాలన్నీ కోర్టులో కాక మధ్యవర్తి ముందే తేల్చుకోవాలన్న నిబంధన ఆ పుస్తకంలో ఉంది. కొనుగోలుదారు దుకాణంలో ఫోను, చార్జరు, ఇయర్‌ఫోన్లు తీసుకొని, పెట్టెను అక్కడే వదిలి వెళ్లాడు. కోర్టు మాత్రం పెట్టె వదిలిపెట్టాడా లేదా అన్న అంశం మీద ఆధారపడలేదు. భద్రతా సూచనల పుస్తకం అని పేరు పెట్టిన దానిలో తన న్యాయహక్కులను వదులుకునే ఒప్పందం ఉంటుందని ఏ సామాన్య కొనుగోలుదారూ ఊహించడని, మౌనాన్ని అంగీకారంగా లెక్కించలేమని కాలిఫోర్నియా చట్టం ప్రకారం తీర్పు చెప్పింది. అదే సంస్థ చేతి గడియారం విషయంలో మూడవ సర్క్యూట్ కూడా ఆ ఏడాది ఇదే నిర్ణయానికి వచ్చింది.

ఈ తర్కంలో గట్టి న్యాయం ఉంది. భద్రతా పుస్తకం తెరిచేవాడు ప్రమాదం నుంచి తప్పించుకోవడానికి తెరుస్తాడు. ఆ నమ్మకాన్ని ఆసరా చేసుకొని, అందులోనే అతని హక్కులను తగ్గించే షరతులు చేర్చడం ఆ పుస్తకం ప్రయోజనాన్నే దెబ్బతీస్తుంది. అయితే అమెరికా కోర్టులన్నీ ఈ మాట ఒప్పుకోలేదు. 2018లో పదకొండవ సర్క్యూట్, ఇంటి పైకప్పు పలకల కట్టల మీద అచ్చువేసిన మధ్యవర్తిత్వ నిబంధన, ఆ కట్టలను విప్పింది యజమానులు కాక పైకప్పు వేసే పనివారే అయినా, యజమానులకు వర్తిస్తుందని తీర్పునిచ్చింది. అక్కడ కట్టల పైచుట్టు మీద షరతులు బయటికి కనిపించేలా ఉండటం తేడా.

కాగితం మీద ఇంత అనిశ్చితి ఉండగా, తెర మీద తయారీదారు చేతికి కావలసినది దొరికింది. ఒప్పుకోనిదే ముందుకు కదలని తెరను కోర్టులు సాధారణంగా అంగీకారంగానే చూస్తాయి. 2011 ఏప్రిల్‌లో టెలిఫోను సంస్థ ఏటీ అండ్ టీ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, సామూహిక దావాలను నిషేధించే మధ్యవర్తిత్వ నిబంధనలను రాష్ట్రాల చట్టాలు కొట్టివేయలేవని తేల్చింది. ఆ సెప్టెంబరులో సోనీ తన ప్లేస్టేషన్ నెట్‌వర్క్ అనే ఆన్‌లైన్ సేవ షరతులలో అలాంటి నిబంధన చేర్చింది. వద్దనుకునేవారు 30 రోజులలోగా ఉత్తరం రాసి పంపాలి. కొన్ని నెలల్లో మైక్రోసాఫ్ట్ కూడా ఎక్స్‌బాక్స్ లైవ్ అనే తన ఆన్‌లైన్ సేవకు మధ్యవర్తిత్వ నిబంధన తెచ్చింది. సోనీ ఏర్పాటులో గమనించదగిన విషయం ఒకటి: ఒప్పుకోవడానికి ఒక బటన్ చాలు, ఒప్పుకోకపోవడానికి మాత్రం కాగితం, కవరు, తపాలా బిళ్ల కావాలి.

తెర మీది షరతులకు మరో బలం కూడా ఉంది. అవి అమ్మకం అయ్యాక కూడా మారతాయి. 2014లో నింటెండో తన వీ యూ కన్సోల్‌కు పంపిన అప్‌డేట్‌లో కొత్త షరతులు చేర్చినప్పుడు, ఒప్పుకోని యజమానులు అంతకుముందే డబ్బు పెట్టి కొన్న ఆటలు కూడా ఆడలేకపోయారు. 2025 మేలో అదే సంస్థ అమెరికా షరతులను సవరించి, నిబంధనలు ఉల్లంఘిస్తే పరికరాన్నే పూర్తిగా గానీ పాక్షికంగా గానీ శాశ్వతంగా పనిచేయకుండా చేయవచ్చని రాసుకుంది. ఇక్కడ లైసెన్సు సాఫ్ట్‌వేర్‌ను దాటి, కొనుగోలుదారు సొంత ఆస్తి అయిన ప్లాస్టిక్, సిలికాన్ల మీదకు చెయ్యి చాచుతోంది. ప్లేస్టేషన్ 3 అనుభవం ఈ తరహా అధికారానికి హద్దు ఉందని చూపింది. 2010 ఏప్రిల్ 1న సోనీ ఒక అప్‌డేట్ ద్వారా ఆ యంత్రంలో లినక్స్ వంటి ఇతర ఆపరేటింగ్ వ్యవస్థలను నడుపుకొనే సౌకర్యం తీసివేసింది. అప్‌డేట్ వద్దనుకుంటే ఆన్‌లైన్ ఆటలు పోతాయి, చేసుకుంటే లినక్స్ పోతుంది. అమెరికా వైమానిక దళం పరిశోధకులు సుమారు 1,700 ప్లేస్టేషన్ 3 యంత్రాలను కలిపి సూపర్ కంప్యూటర్ కట్టడానికి పనికి వచ్చింది ఆ సౌకర్యమే. ఆ తొలగింపు మీద యజమానులు వేసిన దావాను కింది కోర్టు కొట్టివేసినా, 2014లో తొమ్మిదవ సర్క్యూట్ కొన్ని ఆరోపణలకు తిరిగి ప్రాణం పోసింది. చివరకు 2018లో 37 లక్షల 50 వేల డాలర్లకు రాజీ కుదిరింది. అప్‌డేట్‌తో సౌకర్యాలు తొలగించే హక్కు లైసెన్సులో ఉందన్న వాదనతో వ్యవహారం ముగిసిపోలేదు.

ఇప్పుడు కాలిన చేతి దగ్గరికి వద్దాం. శరీరానికి జరిగిన హాని విషయంలో పలు దేశాల చట్టాలు ఒకే గీత గీశాయి. అమెరికా ఏకరీతి వాణిజ్య స్మృతి 2-719 సెక్షన్, వినియోగ వస్తువుల వల్ల కలిగిన శారీరక గాయాలకు నష్టపరిహారాన్ని పరిమితం చేసే షరతును ప్రాథమికంగా అన్యాయమైనదిగానే భావిస్తుంది. బ్రిటన్‌లో 2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టం, నిర్లక్ష్యం వల్ల కలిగిన మరణానికి, గాయానికి బాధ్యతను ఏ షరతుతోనూ వదిలించుకోనివ్వదు. కనుక ‘మా బాధ్యత కన్సోల్ ధరకు మించదు’ అని ఎంత స్పష్టంగా రాసినా, తీగ వల్ల కాలిన చేతికి ఆ పరిమితి నిలవడం కష్టం.

చిక్కు వేరే చోట ఉంది. మధ్యవర్తిత్వ నిబంధన బాధ్యతను తగ్గించదు, అది తేలే వేదికను మారుస్తుంది. అందువల్ల పై రక్షణలు దానికి నేరుగా తగలవు. 2024లో డిస్నీ సంస్థ ఒక మరణానికి సంబంధించిన దావాలో ఈ వాదన ఎంత దూరం పోగలదో చూపించింది. ఫ్లోరిడాలోని తన ప్రాంగణంలో ఉన్న రెస్టారెంటులో తిన్న ఆహారం వల్ల ఒక మహిళ చనిపోయారన్న దావాకు, ఆమె భర్త ఏళ్ల క్రితం డిస్నీ ప్లస్ వీడియో సేవకు నమోదైనప్పుడు ఒప్పుకున్న మధ్యవర్తిత్వ షరతు వర్తిస్తుందని సంస్థ కోర్టులో వాదించింది. ప్రజల ఆగ్రహం తరువాత ఆ వాదనను ఉపసంహరించుకుంది, కాబట్టి కోర్టు దాని మీద తీర్పు చెప్పే అవసరం రాలేదు. సినిమా చూడటానికి ఇచ్చిన అంగీకారం అన్నం పళ్లెం దాకా రాగలదని వాదించగలిగితే, ఆట ఆడటానికి ఇచ్చిన అంగీకారం గోడ సాకెట్ దాకా రావడం ఊహకు అందనిది కాదు. సాఫ్ట్‌వేర్ లైసెన్సుకు ఇచ్చిన అంగీకారాన్ని సాఫ్ట్‌వేర్ వాడకానికే పరిమితం చేసి చదవడం న్యాయం. తీగ అమ్మకంలో భాగం, దానికి లైసెన్సు ఎవరూ ఇవ్వలేదు, ఎవరూ తీసుకోలేదు.

భారతదేశంలో ఈ విషయంలో కొనుగోలుదారు స్థితి కొంత మెరుగు. సమాచార సాంకేతిక చట్టం 10ఏ సెక్షన్ ఎలక్ట్రానిక్ పద్ధతిలో కుదిరిన ఒప్పందాలను గుర్తిస్తుంది కనుక, బటన్ నొక్కితే ఒప్పందం కాదని వాదించి ప్రయోజనం లేదు. కానీ మధ్యవర్తిత్వ నిబంధన ఉన్నంత మాత్రాన వినియోగదారుల కమిషన్ తలుపు మూసుకోదని 2018లో ఇళ్ల నిర్మాణ సంస్థ ఎమ్మార్ ఎంజీఎఫ్ కేసులో సుప్రీంకోర్టు స్థిరపరిచింది. అచ్చు కాగితాల మీది ఏకపక్ష షరతులను ప్రశ్నించడమూ మన కోర్టులకు కొత్త కాదు. లాండ్రీకి ఇచ్చిన బట్ట పోతే దాని విలువలో కొద్ది భాగమే ఇస్తామని రసీదు మీద అచ్చువేసిన షరతును 1960లలోనే లిల్లీ వైట్ కేసులో మద్రాసు హైకోర్టు ప్రజా ప్రయోజనానికి విరుద్ధమని కొట్టివేసింది. దీనికి ఎదురుగా, 1996లో డీహెచ్‌ఎల్ కొరియరు కేసులో సుప్రీంకోర్టు, సంతకం చేసిన పత్రంలోని పరిహార పరిమితిని సమర్థించింది. కాబట్టి వేలు తగిలించిన బటన్‌ను కమిషన్ సంతకంతో సమానంగా చూస్తుందా, రసీదు వెనక అచ్చుతో సమానంగా చూస్తుందా అన్నదే వాదనకు అసలు స్థలం.

ఇక్కడ మరో వాస్తవాన్ని విస్మరించకూడదు. చాలా ఇళ్లలో ఆ బటన్ నొక్కేది పిల్లలు. 18 ఏళ్లు నిండనివారి ఒప్పందం మొదటి నుంచీ చెల్లనిదని 1903లో, బ్రిటిష్ పాలనలో తుది అప్పీలు న్యాయస్థానమైన ప్రీవీ కౌన్సిల్ మొహరీ బీబీ కేసులో చెప్పిన సూత్రం నేటికీ అమలులో ఉంది. పన్నెండేళ్ల కుర్రాడు ఒప్పుకున్న మధ్యవర్తిత్వ షరతు, అతని పేరుతో దాఖలయ్యే గాయం ఫిర్యాదుకు ఈ దేశంలో అడ్డు నిలవదు. ఖాతా తల్లిదండ్రుల పేరుతో ఉంటే వారికి సంబంధించిన వాదన వేరుగా నడుస్తుంది.

ఫిర్యాదును ఎక్కడ వేయాలన్నది కూడా తీగ, మాన్యువల్, లైసెన్సు అనే ఈ విభజన మీదే ఆధారపడుతుంది. 2019 చట్టం అన్యాయపు ఒప్పందం అనే భావనను తొలిసారి నిర్వచించినా, అలాంటి షరతును చెల్లదని ప్రకటించే అధికారాన్ని రాష్ట్ర, జాతీయ కమిషన్లకే ఇచ్చింది. తీగ లోపం గురించిన ఫిర్యాదును, ధర యాభై వేల రూపాయల లోపు కన్సోల్‌కైతే, కొనుగోలుదారు నివసించే జిల్లా కమిషన్‌లోనే రుసుము లేకుండా వేయవచ్చు. లైసెన్సు షరతునే రద్దు చేయమని కోరితే విజయవాడలోనో హైదరాబాదులోనో ఉన్న రాష్ట్ర కమిషన్‌కు పోవాలి. అందుచేత గాయపడినవారు తమ ఫిర్యాదును తీగ లోపం, మాన్యువల్‌లో హెచ్చరిక లేకపోవడం అనే రెండు ఆధారాల మీద నిలబెట్టి, లైసెన్సును తయారీదారే తెచ్చి అడ్డం పెట్టేదాకా దాని జోలికి పోకపోవడం మేలు. లోపం ఉందో లేదో పరీక్ష లేకుండా తేలదనుకుంటే వస్తువును ప్రయోగశాలకు పంపే అధికారం జిల్లా కమిషన్‌కు 38వ సెక్షన్ కింద ఉంది. ఆ పరీక్ష జరగాలంటే కాలిన తీగను పారవేయకుండా, మరమ్మతుకు గానీ మార్పిడికి గానీ సంస్థకు తిరిగి ఇచ్చేయకుండా, యంత్రం వెనక ఉన్న తయారీ తేదీ, క్రమసంఖ్యల ఫొటోలతో సహా దాచి ఉంచాలి.